సమాచార యంత్రాల వలన సంపద పెరుగునా? – ఉద్దానం చెప్పే సాక్ష్యం

పలాస జీడిపప్పు పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. కాని పలాస–కాశీబుగ్గ పరిశ్రమలలో పగిలే పిక్కలన్నీ ఉద్దానం తోటలలో కాసినవి కావన్న సంగతి చాలమందికి తెలియదు. స్థానికపు పంట ఆ పరిశ్రమలకు చాలదు. అందుచేత ఐవరీ కోస్టు, బెనిన్, టాంజానియా మున్నగు ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడలమీద వచ్చి, ఇక్కడ ఉడికి, పగిలి, పొట్టు వీడి, పప్పుగా మారి అమ్ముడుపోతాయి. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసువారు దానిని అటు ఆఫ్రికాకు, ఇటు మన దేశానికి తెచ్చినారు. ఈనాడు వజ్రపుకొత్తూరు రైతూ, ఐవరీ కోస్టు రైతూ ఒకరి మొగం ఒకరు ఎరుగకయే ఒకే అంగట్లో పోటీ పడుతున్నారు. పిక్క సముద్రం దాటడానికి వారాలు పడుతుంది. దాని ధర దాటడానికి క్షణం చాలు. ఆ ధరను మోసుకువచ్చే యంత్రం ఇరువురి చేతికీ అందినది. సంపద మాత్రం ఇరువురికీ అంత త్వరగా అందలేదు.

ఎందుచేత? సమాచార యంత్రాలు వస్తే బీద దేశాలు వాటంతటవే బాగుపడతాయన్న మాట గత పాతికేళ్లుగా వినవస్తున్నది. ముఖ్యంగా ఆఫ్రికా ఖండం విషయంలో ఈ మాట ఎక్కువ. ఈ ప్రశ్నకు జవాబు చెప్పబూనిన గ్రంథాలలో పెద్దది ప్రపంచ బ్యాంకు 2016లో వెలువరించిన ప్రపంచాభివృద్ధి నివేదిక. దానికి ‘డిజిటల్ డివిడెండ్స్’ అని పేరు. గణన యంత్రాల వలన సమాజానికి దక్కవలసిన లాభపు వాటా అని అర్థం. దీపక్ మిశ్రా, ఊవె డైఖ్‌మన్ అనే ఆర్థికవేత్తల నాయకత్వాన తయారైన ఈ నివేదికను ఉద్దానం వంటి ఒక చిన్న సీమలో నిలబెట్టి చూస్తే, దాని బలమూ కనబడుతుంది, లోపమూ కనబడుతుంది.

ముందు బలం సంగతి. యంత్రాలు శీఘ్రంగా వ్యాపించినవి గాని, వాటి లాభాలు ఆ వేగంతో వ్యాపించలేదని నివేదిక నిజాయితీగా ఒప్పుకున్నది. సమాచారపు ఖర్చు తగ్గితే మూడు మేళ్లు కలుగుతాయని చెప్పినది: వెలిగా ఉన్నవారు అంగట్లోకి రాగలరు, పాత పని తక్కువ ఖర్చుతో సాగుతుంది, కొత్త పనులు పుడతాయి. అయితే యంత్రానికి తోడుగా పోటీని కాపాడే చట్టాలూ, జనానికి చదువూ నైపుణ్యమూ, జవాబుదారీ గల సంస్థలూ ఉండాలి. అవి లేనిచోట ఇవే యంత్రాలు గుత్తాధిపత్యానికీ, అసమానతకూ, జనంమీద అజమాయిషీకీ పనికివస్తాయని హెచ్చరించినది. యంత్రాలమ్మేవారి ప్రచార పత్రాలతో పోల్చితే ఇది ఎంతో మేలైన మాట.

ఇక లోపం. లోకంలోకెల్ల బీదలైన ఐదవవంతు జనంలో సైతం పదింట ఏడుగురి దగ్గర టెలిఫోను ఉన్నదనీ, ఆ కుటుంబాలకు మరుగుదొడ్డి కంటె, మంచినీటి కంటె టెలిఫోనే ఎక్కువగా అందినదనీ ఆ నివేదికలో ఒక వాక్యమున్నది. యంత్రం ఎంత లోతుకు చొచ్చుకుపోయినదో చూపడానికి ఆ మాట వ్రాసినారు. ఉద్దానంలో కూర్చుని చదివేవారికి అది మరొక విధంగా వినబడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు – ఈ ఏడు మండలాలనూ మూత్రపిండాల జబ్బు పీడిస్తున్నదని 1990 ప్రాంతపు సంవత్సరాల నుండి వైద్యులు గుర్తిస్తూ వచ్చినారు. ఆ నీటిమీద జనానికి ఏనాటినుండో అనుమానం. వంశధార మీది హిరమండలం జలాశయం నుండి ఈ ఏడు మండలాలలోని 807 గ్రామాలకు గొట్టాల ద్వారా నీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించినది 2023 డిసెంబరు 14న. టెలిఫోను అంతకు ఎన్నో ఏళ్ల ముందే వచ్చి కూర్చున్నది. టెలిఫోను ముందు వచ్చినది జనానికి అది ముందు అవసరమై కాదు. దానిని అమ్మితే రోజూ డబ్బు వస్తుంది గనుక. నీటి గొట్టం వేసి అంత త్వరగా లాభం తీయగలవాడెవడూ లేడు. ఏది ముందు వచ్చినదన్న వరుసను నివేదిక వర్ణించినదే గాని విచారించలేదు.

అంతమాత్రాన యంత్రాల వలన ఏమీ కలగలేదనడం అన్యాయం. రెండు చక్కని ఉదాహరణలు ఈ చర్చలో ఎప్పుడూ వస్తుంటాయి. మొదటిది కెన్యాది. 2007 మార్చిలో సఫారికామ్ అనే టెలిఫోను సంస్థ ఎం-పెసా అనే ఏర్పాటు ప్రారంభించినది. పట్టణంలో కూలి చేసేవాడు వీధి దుకాణంలో డబ్బు కట్టి, టెలిఫోను మీట నొక్కితే, పల్లెలోని భార్య అక్కడి దుకాణంలో తీసుకుంటుంది. తవ్నీత్ సూరి, విలియం జాక్ అనే పరిశోధకులు 2016లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన లెక్క ప్రకారం, దీనివలన 1,94,000 కెన్యా కుటుంబాలు, అనగా దేశంలో నూటికి రెండు, దారిద్ర్యం నుండి బయటపడినవి. ఆ ఎం-పెసానే వొడాఫోన్ సంస్థ 2013లో మన దేశానికి తెచ్చినది. అది ఇక్కడ వేరుపట్టక 2019లో మూతపడినది. ఇక్కడ బ్యాంకుల కట్టుబాట్లు వేరు, వెనువెంటనే 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతి వేరు. ఒక నేలమీద పెరిగిన మొక్క మరొక నేలలో అట్లే పెరగదని వ్యవసాయ శాస్త్రం ఎరిగినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఉద్దానం యువకులు అండమాన్ నుండి, గుజరాత్ నుండి, గల్ఫు దేశాల నుండి డబ్బు పంపుకునేవారే గనుక ఈ సౌకర్యం వారికి నిజంగా మేలు చేసినది. కాని డబ్బు ఇంటికి త్వరగా చేరడం వేరు, ఇల్లు విడవనక్కరలేకుండా డబ్బు దొరకడం వేరు.

రెండవ ఉదాహరణ కేరళది. కాసరగోడు, కన్నూరు, కోళిక్కోడు జిల్లాల తీరంలో 1997–2001 సంవత్సరాల మధ్య సెల్ టెలిఫోను వచ్చినప్పుడు రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చేపల అంగళ్లను వారం వారం గమనించి, 2007లో తన ఫలితాలు ప్రకటించినాడు. అంతకు ముందు ఒక రేవులో కొనేవాడు లేక చేప పారవేస్తుంటే, పదిహేను కిలోమీటర్ల లోపలి మరొక రేవులో చేప లేక వర్తకులు ఖాళీ చేతులతో పోయేవారు. టెలిఫోను వచ్చిన తరువాత పడవవాడు సముద్రం మీదనుండే ధర విచారించి రేవు ఎంచుకోసాగినాడు. నూటికి 5 నుండి 8 పాళ్లు వృథా అయ్యే చేప ఇక వృథా కాలేదు. పడవవారి లాభం నూటికి 8 పెరిగినది, కొనేవారికి ధర నూటికి 4 తగ్గినది. అమ్మేవాడికీ కొనేవాడికీ కూడ మేలు కలగడం అర్థశాస్త్రంలో అరుదు గనుక ఈ పరిశోధన లోకమంతటా ప్రసిద్ధికెక్కినది.

ఈ ప్రయోగంలో టెలిఫోనుకు తోడుపడిన సరుకులేమిటో చూడాలి. దగ్గర దగ్గరగా అనేక రేవులుండాలి. ఏ రేవుకైనా పోగల యంత్రపు పడవ ఉండాలి. ఏ రేవులోనైనా రొక్కమిచ్చి కొనేవాడుండాలి. అన్నిటికంటె ముఖ్యం, పడవవాడు తన చేపను ఎవరికైనా అమ్ముకోగల స్వతంత్రుడై ఉండాలి. వేలంవేసే దళారి దగ్గర అప్పు తెచ్చుకున్నవాడికి టెలిఫోనులో ఏ ధర వినబడినా, చేప ఆ దళారికే పోస్తాడు. 2013లో ఈ కేరళ రేవులను తిరిగి చూసిన పరిశోధకులు కూడ ఈ అప్పుల కట్టును ఎత్తిచూపినారు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. దానిలో ఉద్దానం తీరాన పడవను అలలమీదుగా తెచ్చి ఊరి ఇసుక మీదకే లాగుతారు. అటువంటి చోట రేవు ఎంచుకోవడం అనే మాటకు అర్థం తక్కువ. ఇక్కడి మత్స్యకారులు ఏటేటా గుజరాత్‌లోని వెరావల్ రేవుకు కూలికి వలసపోవడానికి పెద్ద కారణం ఈ తీరాన సరియైన చేపలరేవు లేకపోవడమే. అట్లా పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్‌వారి చేతచిక్కి, 2020 జనవరి దాకా అక్కడి చెరలో ఉన్న ఇరువదిమంది ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథ పత్రికలు చదివేవారికి తెలుసు. వలవేసే చోటును టెలిఫోను మార్చగలదు, రేవును కట్టలేదు.

వలవేసే చోటు అన్నది ఊరికే కాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం చేపలు గుమికూడే తావులను తెలియజేస్తున్నది. దాని వెనుకనున్న శాస్త్రం సులభమూ, అందమైనదీ. ఉపగ్రహం సముద్రపు నీటి ఉష్ణోగ్రతనూ, రంగునూ కొలుస్తుంది. రంగును బట్టి నీటిలో పత్రహరితం ఎంతో, అనగా కంటికి కనబడని సూక్ష్మవృక్షాలు ఎంత ఉన్నవో తెలుస్తుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచున ఆ సూక్ష్మవృక్షాలు పోగవుతాయి. వాటిని తినడానికి చిన్న ప్రాణులు, వాటికోసం చేపలు వస్తాయి. గాలించే కాలమూ, నూనె ఖర్చూ తగ్గుతాయి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరాన యంత్రపు పడవలకు వేట నిషేధం గనుక ఆ 61 రోజులూ ఈ సేవతో పని ఉండదు. ఇందులో ఒక తేడా గమనించదగ్గది. కేరళ టెలిఫోను అంతవరకూ ఎక్కడో ఒకరికి తెలిసిన ధరను మరొకరికి మోసినది. ఇక్కడ ఎవరికీ తెలియని దానిని ముందు కొలిచి, ఆ తరువాత మోస్తున్నారు. నివేదికలో మొదటి నుండి చివరివరకూ వినబడేది మోయడం గురించే. కొలవడం గురించి అందులో చెప్పినది తక్కువ. విజ్ఞానశాస్త్రం బోధించేవారికి ఈ తేడా ముఖ్యం.

జీడిపిక్కలకు వద్దాం. ధర తెలిస్తే రైతుకు మేలు కలుగునా అన్న ప్రశ్నకు మన దేశంలోనే రెండు పరీక్షలు జరిగినవి; ఫలితాలు ఒకదానికొకటి ఎదురు. మహారాష్ట్రలో నూరు గ్రామాల రైతులకు ధరలూ, వాతావరణమూ టెలిఫోను సందేశాలుగా పంపినారు. ఫాఫ్‌చాంప్స్, మింటెన్ అనే ఆర్థికవేత్తలు 2012లో ప్రకటించిన దాని ప్రకారం, రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. మధ్యప్రదేశ్‌లో 2000 నుండి ఐ.టి.సి. సంస్థ పల్లెలలో ‘ఇ-చౌపాల్’ అనే గణన యంత్రపు కేంద్రాలు పెట్టి సోయా ధర చెప్పసాగినది. అక్కడ రైతు ధర నూటికి 1 నుండి 3 పెరిగినదని అపరాజితా గోయల్ 2010లో చూపినది. రెండుచోట్లా సమాచారం ఒకటే. అయితే ఐ.టి.సి. ధర చెప్పి ఊరుకోలేదు, తానే గిడ్డంగి తెరిచి తూకంవేసి కొన్నది. మండీ వర్తకునికి ఒక పోటీదారు పుట్టినాడు. రైతుకు ధర తెలియడం కంటె ‘నీకు అమ్మను పో’ అనగలగడమే లాభించినది.

ఉద్దానం జీడి రైతుకు ఆ మాట అనగల శక్తి ఎంత? పంట వేసవిలో ఒక్కసారిగా వస్తుంది. నిలవ చేసుకునే చోటు లేదు. పెట్టుబడికి ముందే అప్పు తెచ్చినవాడు పిక్కలు అప్పిచ్చినవాడికే కొలవాలి. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇప్పించండని 2023లో ఇక్కడి రైతులు ఆందోళన చేసినారు. దిగుమతి పిక్కల వలన తమ ధర పడిపోతున్నదన్నది వారి ఫిర్యాదు. వారికి ధర తెలియక కాదు ఆ ఆందోళన. ధర బాగా తెలిసే. ఆ దిగుమతి పిక్కలు పంపే టాంజానియాలో 2007 నుండి ఒక ఏర్పాటు ఉన్నది: రైతు పిక్కలను గిడ్డంగిలో పోసి రశీదు తీసుకుంటాడు, సరుకును వేలం వేస్తారు. వినడానికి చక్కని పద్ధతి. కాని 2018లో వర్తకులందరూ తక్కువ ధరే పలికినారు. అప్పటి అధ్యక్షుడు మగుఫులి నవంబరులో సైన్యాన్ని పంపి పంటను కొనిపించినాడు. గిడ్డంగి ఉన్నా, రశీదు ఉన్నా, కొనేవారందరూ ఒకమాట మీద ఉంటే వేలం వేలం కాదు.

ఇందులో మరొక రహస్యమున్నది. ‘పిక్క ధర ఇంత’ అనే మాట అసలు సంపూర్ణమైన సమాచారమే కాదు. జీడి వర్తకంలో పప్పుకూ, పిక్కకూ వేరువేరు కొలతలున్నవి. పప్పుకు డబ్ల్యూ-180, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 వంటి పేర్లు వింటుంటాము. ఆ అంకె ఒక పౌనులో ఎన్ని గుడ్లు తూగుతాయో చెబుతుంది. పౌను 453.6 గ్రాములు గనుక 320 రకపు గుడ్డు ఒక్కొక్కటి దాదాపు 1.4 గ్రాములు, 180 రకానిది 2.5 గ్రాములు. అంకె చిన్నదైన కొద్దీ గుడ్డు పెద్దది, ధర ఎక్కువ. పిక్కకైతే, 80 కిలోల బస్తాలో ఎన్ని పౌన్ల మంచి పప్పు రాగలదన్నది కొలత. ఆఫ్రికా రేవులలో పెద్ద వర్తకుడు ఈ అంకె చూడకుండా బేరమాడడు. పల్లె కల్లంలో మాత్రం బస్తాను బస్తాగానే కొలుస్తారు; లోపల ఎంత పప్పున్నదో కొనేవాడి అనుభవానికి తెలుసు, అమ్మేవాడికి తెలియదు. టెలిఫోను ఈ అజ్ఞానాన్ని తీర్చదు. ఒక త్రాసు, ఒక కత్తి తీరుస్తాయి. టెక్కలి దగ్గర నౌపడ ఉప్పుమళ్లలో ఉప్పు తేరే సమయాన్ని ఉప్పునీటి చిక్కదనం చెబుతుంది. బోమే మానం దానిని 25 డిగ్రీల చుట్టుపట్ల చూపుతుంది. గాజుగొట్టంలో తేలే అంత చిన్న సాధనానికి ఉన్న మర్యాద పిక్కల త్రాసుకు ఇంకా రాలేదు.

కొలత బాగుంటే సమాచారం ఎంత పనిచేస్తుందో తుపానులు చూపినవి. 1999 అక్టోబరులో ఒరిస్సాను ముంచిన మహా తుపానులో దాదాపు పదివేలమంది చనిపోయినారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు చావులు పదులలోనే నిలిచినవి. నడుమ మారినది ఉపగ్రహాలు, డాప్లర్ రాడార్లు, లెక్కలు కట్టే యంత్రాలు, ఆ హెచ్చరికను నమ్మి ప్రజలను తరలించిన అధికార యంత్రాంగం, తలదాచుకోను ఆశ్రయాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. హెచ్చరిక ముందే వచ్చినది, మనుషులు చాలవరకు దక్కినారు, చెట్లు దక్కలేదు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనవి. విద్యుత్ స్తంభాలతోపాటు టెలిఫోను టవర్లూ మూగపోయినవి. ఏ రోజులలో సమాచారం ఎక్కువ కావాలో ఆ రోజులలోనే అది లేదు. ఆ తరువాత నష్టం లెక్క. చెట్టుకు 1,500 రూపాయల పరిహారం 2019లో 3,000కు పెరిగినది. ఎన్ని చెట్లు కూలినవో వేగంగా లెక్కించడానికి యంత్రం ఉన్నది. కూలిన చెట్టు విలువ ఎంతో చెప్పే లెక్క యంత్రంలో లేదు: కొత్త కొబ్బరిమొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది, అన్నేళ్లు ఆ ఇల్లు ఏమి తినాలో ఎవరో మనిషి ఆలోచించి నిర్ణయించవలసినదే. ఆ ధర రెట్టింపు కావడమే మొదటి లెక్క చాలదని ఒప్పుకోవడం.

మూత్రపిండాల జబ్బు విషయంలో కొలత కష్టాలు మరీ ఎక్కువ. పలు సంస్థలు ఉద్దానంలో సర్వేలు చేసినవి. నీటిలో సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒంటినీరు ఇంకిపోవడం, నొప్పి మాత్రలు – ఇట్లా అనుమానాలు ఎన్నో ఉన్నవి. ఏ ఒక్కటీ కారణమని రుజువు కాలేదు. రక్తంలోని క్రియాటినిన్ కొలిచి, వయస్సు, స్త్రీపురుష భేదం లెక్కవేసి మూత్రపిండం ఎంత వడకట్టుతున్నదో అంచనా కడతారు. ఆ లోపం మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘవ్యాధి అని వైద్యశాస్త్రం నిర్వచించినది. ఒక్క రోజు ఊరికి వచ్చి ఒక్క చుక్క తీసుకుపోయిన సర్వే వ్యాధిని లెక్కించినట్లు కాదు, అనుమానితులను లెక్కించినట్లు. ఒకే మనిషిని ఏళ్లతరబడి చూడాలి. అతడు త్రాగిన బావినీరు, చేసిన పని, వాడిన మందులు ఒకచోట చేరాలి. సమాచార యంత్రం నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల ఆసుపత్రికీ, పరిశోధనా కేంద్రానికీ ఇంతకంటె ముఖ్యమైన పని మరొకటి లేదు. పైగా గొట్టపు నీరు ఊరూరికీ అందుతున్న కొద్దీ ఒక సహజ ప్రయోగం దానంతటది జరుగుతుంది: నీరు మారిన ఊళ్లలో కొత్త రోగులు తగ్గుతారా, తగ్గరా? నీరు ఏ ఊరికి ఏ నెలలో చేరినదో తేదీతో వ్రాసి ఉంచకపోతే ఆ ప్రయోగపు ఫలితం ఎన్నటికీ తెలియదు. కోట్ల ఖర్చుతో యంత్రాలు కొని ఈ తేదీలు వ్రాయకపోతే మాత్రం దానిని అజాగ్రత్త అనక తప్పదు.

నివేదిక జవాబుదారీ గురించి వ్రాసిన భాగానికి ఆంధ్రదేశమే ఒక మంచి పాఠం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛనులు వేలిముద్ర కార్డులమీద ఇచ్చే పద్ధతిని 2010–2012 మధ్య 157 మండలాలలో పరీక్షించినారు. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 2016లో ప్రకటించిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నవి: కూలి త్వరగా అందినది, మధ్యలో కారిపోవడం తగ్గినది. తరువాత అదే పరిశోధకులు జార్ఖండ్ రేషను దుకాణాలలో వేలిముద్ర పద్ధతిని పరీక్షించినారు. అక్కడ దొంగతనం తగ్గిన జాడ లేకపోగా, కార్డు జతపడని బీదలు కొందరు ఉన్న బియ్యం కూడ పోగొట్టుకున్నారు. వేలిముద్ర యంత్రం రెండుచోట్లా ఒకటే. ఆంధ్రలో కార్డు రానివారికి పాత పద్ధతిలో డబ్బు ఇస్తూ వచ్చినారు, డబ్బును ఊరిలోకే తెచ్చి ఇచ్చినారు. జార్ఖండ్‌లో యంత్రం గుర్తించకపోతే తలుపు మూసినారు. పలాసలో ఈ సంగతికి ప్రత్యేకమైన అర్థమున్నది. జీడిపిక్క పెంకులోని రసం చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్లతరబడి పిక్కలు కొట్టి, పప్పు వలిచిన ఆడవారి వేళ్లమీద గీతలు అరిగిపోతే గాజుపలక వారిని ఎట్లా గుర్తుపడుతుంది? పనిచేసి గీతలు పోగొట్టుకున్న చేతినే యంత్రం ‘ఎవరు నీవు’ అని అడగడం కంటె విడ్డూరమైన సంగతి ఉండదు. కంటిపాపను చూసే యంత్రమో, పేరెరిగిన ఉద్యోగి సంతకమో రెండవ దారిగా తప్పక ఉండాలి.

ఇవన్నీ చూసిన తరువాత, ‘డిజిటల్ డివిడెండ్స్’ నివేదిక చెప్పిన మూడు తోడుసరుకులు సరియైనవే గాని చాలవు. అప్పు, నిలవచోటు, రేవు, నీరు – వీటిని అది నేపథ్యంగా వదిలివేసినది. ఉద్దానంలో అవే ముందు వరుస. కొలతను అసలే మరచినది. కొలత విషయంలో మాత్రం పాఠశాలలు చేయదగ్గ పని ఒకటున్నది. ఇందుకు గణన యంత్రం కాని, గ్రాంటు కాని అక్కరలేదు.

పిక్కలు కల్లానికి వచ్చే కాలంలో ఒక రైతు పోగు నుండి, పైనా నడుమా అడుగునా కొంచెం కొంచెం తీసి, సరిగా ఒక కిలో తూచాలి. పిక్కలను లెక్కపెట్టి, ఒక్కొక్కటి నిలువునా కోసి, మంచి పప్పును ఒక గిన్నెలో, కొంత చెడినదానిని మరొక గిన్నెలో వేయాలి. పూర్తిగా చెడినది పారవేయాలి. మంచి పప్పు 260 గ్రాములు, కొంత చెడినది 20 గ్రాములు వచ్చినవనుకుందాం. రెండవదానిలో సగమే లెక్కకు తీసుకుంటారు గనుక మొత్తం 270. దానిని 80తో గుణిస్తే బస్తాకు 21.6 కిలోలు, 453.6తో భాగించి పౌన్లు చేస్తే 47.6. మరొక పోగులో 240 గ్రాములే వస్తే బస్తాకు 42.3 పౌన్లు. రెండు బస్తాలకూ నడుమ దాదాపు 2.4 కిలోల పప్పు తేడా ఉన్నదన్న మాట. వాటిని ఆనాడు ఊళ్లో ఏ ధరకు కొన్నారో, అదే రోజు పలాసలో ఏ ధర ఉన్నదో టెలిఫోనులో విచారించి పక్కన వ్రాయాలి. ఈ పని మార్చిలో ఒకసారి, మే నెలలో ఒకసారి చేస్తే తేమ వలన వచ్చే తేడా కూడ తెలుస్తుంది. కోసేటప్పుడు చేతులకు తొడుగులుండాలి, లేకపోతే ముందుగా నూనె రాసుకోవాలి, కళ్లను ముట్టుకోరాదు, కోసేపని పెద్ద తరగతుల పిల్లలకే, ఉపాధ్యాయుని ఎదుటనే అప్పగించాలి.